కల్లం అంచున గుడ్డ చెప్పులు

ప్రత్తిపాడు దగ్గర,
10 నవంబరు 2024

బెజవాడ షోరూంలో జనం కాళ్లకు చెప్పులు తొడిగే మా మేనకోడలు క్రిస్టీనాకు,

నీ అత్త బతికే ఉంది. నేను ఫోను ఎత్తడం లేదని మీ నాన్న సాల్మన్ కోప్పడుతున్నాడట. ఎత్తి ఏం చేయను? నా చెవికి ఫోనులో మాట వినపడదు, చేటలో మినుములు చెరిగిన చప్పుడు వినపడుతుంది. కాగితమైతే ఎవరూ అరవక్కర్లేదు. మిషను బడిలో బెత్తం దెబ్బలు తిని నేర్చుకున్న అక్షరాలు ఎలాగూ ఉన్నాయి.

ఇక్కడ మంచు మొదలైంది. తెల్లారి తలుపు తీస్తే ఊరు ఉండదు. చర్చి మీది సిలువ ఒక్కటే గాల్లో ఉంటుంది. కాసేపటికి దాని కింద చర్చి వస్తుంది, తర్వాత రోడ్డు, ఆఖర్న ఎదురిల్లు. పత్తి లారీలు గుంటూరు పోతూ తుమ్మచెట్లకు పింజలు తగిలించి పోయాయి. ఏది పింజో ఏది మంచో తెలియకుండా నేను చూస్తూ నిలబడితే, మీ జక్రయ్య మామయ్య లోపలినుంచి టీ సంగతి అడుగుతాడు.

మొన్న కలలో మా నాన్న వచ్చాడు. పత్తిచేలో కాదు, పత్తి మీదే నడుస్తున్నాడు. విచ్చిన కాయల తెల్లదనం మీద అడుగు వేస్తే అది కుంగడం లేదు. కాళ్లకు ఏమీ లేవు. గుచ్చుకోవా నాన్నా అని అడిగితే వినిపించుకోకుండా వెళ్లిపోయాడు. ఈ చెవుడు నాకు ఎవరి పోలికో అప్పుడు తెలిసింది.

అసలు సంగతికి వస్తాను. నాకు షుగరు వచ్చింది. గుంటూరులో డాక్టరు నా అరికాలికి సన్నటి దారం లాంటిది ఆనించి, తెలుస్తోందా అని అడిగాడు. ముందు ఆనించండి, చెప్తాను అన్నాను. ఆనించే ఉంచానమ్మా అన్నాడు. అప్పుడు మాత్రం భయమేసింది. ఇక చెప్పులు లేకుండా ఇంట్లో కూడా నడవొద్దనీ, చిన్న పుండు పడినా కాలి మీదికి వస్తుందనీ చెప్పి పంపాడు.

మా నాన్న నాకు కుట్టిన ఆఖరి జతకు బొటనవేలు దూర్చే ఉంగటం తెగిపోయింది, అడుగు అరిగి కాగితమైంది. సంతలో దొరికేవి ప్లాస్టిక్కువి. చెప్పుల షాపులో మేనకోడల్ని పెట్టుకుని సంతలో కొనడమేమిటని అందరూ నవ్వుతారు. మంచి తోలు జత, మీ తాత కుట్టినట్టుండేది, ఆరో నంబరు చూసి పంపు. మిర్చి కల్లంలో పని మొదలయ్యేలోపు కావాలి.

నోరు పెద్దదైనా నీ మీద ప్రాణం పెట్టుకున్న
ఎలీసమ్మత్త


తాడేపల్లి,
26 నవంబరు 2024

అత్తకు వందనాలు. మామయ్యకు ఈపాటికి టీ దొరికి ఉంటుందని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం బస్సులో చదివాను. పొద్దున బ్యారేజీ దాటేటప్పుడు ఇక్కడా మంచే. కింద కృష్ణ కనపడదు, ముందు బస్సు కనపడదు, తెల్లటి దాని మధ్యలో మేమంతా కదలకుండా కూర్చుని ఎక్కడికో పోతున్నట్టు ఉంటుంది. నువ్వు చెప్పిన కల చదివాక కిటికీలోంచి చూస్తే, తాతయ్య ఆ తెలుపు మీద నడిచి అవతలి ఒడ్డుకు వెళ్తున్నాడనిపించింది. కండక్టరు వచ్చి నా పేరు అడిగినా చెప్పలేకపోయేదాన్ని.

షుగరు మాట చదివి భయపడ్డాను. మా దగ్గరకు అలాంటి కాళ్లు చాలా వస్తాయి. చెప్పు ఎక్కడో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో నడిచి వచ్చిన పెద్దాయన్ని కూడా చూశాను. అందుకే నాన్న చేత కాకుండా నేనే పార్శిల్ వేస్తున్నాను.

అత్తా, ఇవి తోలువి కావు. మందపాటి కాన్వాసు గుడ్డ, లోపల మెత్తటి నూలు గుడ్డ, అడుగున రబ్బరు. గుడ్డ కదా అని చులకన చేయకు. నేను ఏడాదిగా ఇదే రకం వేసుకుని పొద్దస్తమానం నిలబడుతున్నాను, కుట్టు ఊడలేదు. రెగ్జిను అయితే చూపుకు నిగనిగలాడుతుంది గానీ మన ఎండకు రెండు వేసవులు కాకుండానే పెచ్చులు లేస్తుంది, ఆ పెచ్చు కాలిని కోస్తుంది. వీటిని చేత్తో వంచి చూడు. వేళ్ల మొదట్లోనే వంగుతాయి, నడిమికి విరగవు. ముందు భాగం వెడల్పు, వేళ్లు ఒకదాన్నొకటి తోసుకోవు. కాలికి తెలియకుండా జారిపోకుండా మడమ వెనక పట్టీ ఉంది. ముందు వేళ్లను కప్పేశారు. అతికించిన బంక ఎముకలనుంచి తీసింది కాదని కూడా కంపెనీ వాళ్లకు రాసి కనుక్కున్నాను. మాసిపోతే సబ్బుతో ఉతికి నీడన ఆరేయి. సాయంత్రానికి కాళ్లు కాస్త ఉబ్బుతాయి, అందుకే నువ్వడిగిన దానికన్నా ఒక నంబరు పెద్దది పెట్టాను. తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడటం మర్చిపోకు.

తోలు ఎందుకు పంపలేదో కారణం ఉంది. కాగితం మీద పెడితే నువ్వు మామయ్యకు చదివి వినిపించి ఇద్దరూ నవ్వుకుంటారు. వచ్చినప్పుడు చెప్తాను.

నీ దగ్గర చదువుకుని పెద్దదైన
క్రిస్టీనా


ప్రత్తిపాడు దగ్గర,
19 జనవరి 2025

క్రిస్టీనా,

పార్శిల్ అందింది. వాటికి వంక పెట్టడానికి లేదు. తొడుక్కుంటే కాలు ఎవరి ఒళ్లోనో పెట్టుకున్నట్టుంది. చర్చికి వేసుకుని వెళ్తే పాస్టరమ్మ కూడా ఎక్కడివని అడిగింది. ఇదంతా ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది నీకు నచ్చదు.

మిరపకాయ కోతకొచ్చింది. కల్లాలన్నీ నిండాయి. పొద్దున మంచు ఇంకా లేవకముందు చూడాలి నువ్వు. నేలంతా ఎరుపు, పైనంతా తెలుపు, మధ్యలో తాలుకాయలు ఏరే ఆడవాళ్లు కూర్చుని ఉంటారు. నడుము కింద ఎవరూ కనపడరు. నాకైతే చనిపోయాక మనం వెళ్లే చోటు ఇలాగే ఉంటుందేమో, కాస్త తుమ్ములు తక్కువ ఉంటాయేమో అనిపిస్తుంది.

నేను వెళ్లేది సుబ్బరావమ్మ గారి కల్లానికి. కల్లంలోకి ఎవరూ చెప్పులతో దిగరు. పంట లక్ష్మి అని వాళ్ల నమ్మకం. మేమూ ఇన్నేళ్లుగా గట్టు మీదే విప్పి దిగుతున్నాం. ఈసారి డాక్టరు మాట చెప్పి ఆవిడను అడిగాను. ఆవిడ మనసు చెడ్డది కాదు. నా కాళ్ల వంక చూసి, "తోలువేమన్నానా? గుడ్డవేగా? గుడ్డవైతే దిగవే, పర్లేదు. తోలువైతేనే మైల," అంది.

దిగమంది కదా, దిగాల్సింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆవిడ మామగారి చెప్పులు మా నాన్న కుట్టినవే. ఆయన కాళ్లు పట్టుకుని కొలిచిన చెయ్యి మా నాన్నది. ఆ తోలు వాళ్ల కాళ్ల కింద ఉన్నన్నాళ్లూ మైల లేదు. నీకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. మా నాన్న పెద్దవీధిలోకి రాగానే తను కుట్టుకున్న చెప్పులే విప్పి చేత్తో పట్టుకుని నడిచేవాడు. వీధి దాటాక మళ్లీ వేసుకునేవాడు. చిన్నప్పుడు నేను అది ఆట అనుకుని నా చెప్పులు కూడా చేత్తో పట్టుకుని ఆయన వెనక గెంతుకుంటూ పోయేదాన్ని.

అందుకని విప్పేశాను. తోలు కాదు గనక దిగొచ్చు అనే మాట మీద నేను ఆ కల్లంలో అడుగు పెట్టను. నీ గుడ్డ చెప్పులు గట్టు మీద వదిలి ఉత్త కాళ్లతో దిగాను. రోజూ అలాగే దిగుతున్నాను.

ఇప్పుడు నిన్ను అడుగుతాను. మీ నాన్న చీరాలలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా నాన్న వడ్రంగి పని చేసేవాడని చెప్పుకున్నాడు. నేను విని ఊరుకున్నాను. నువ్వు ఏడాదిగా తోలు ముట్టడం లేదు, కారణం కాగితం మీద పెట్టలేనంటున్నావు. ఆ అద్దాల షోరూంలో మన పని పేరు నీకు బరువైందా? అయితే అయిందని చెప్పు. నేను నిన్ను పెంచినదాన్ని, తట్టుకుంటాను. సుబ్బరావమ్మ మాటే నువ్వు మెత్తటి గుడ్డలో చుట్టి పంపావా అన్న అనుమానంతో మాత్రం నాకు నిద్ర పట్టడం లేదు.

ఎలీసమ్మ


తాడేపల్లి,
2 ఫిబ్రవరి 2025

అత్తా,

కింద ఉత్త "ఎలీసమ్మ" అని పెట్టావు. అది చూసి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

కారణం చెప్తాను. నవ్వితే నవ్వు. పోయినేడు సంక్రాంతి ముందు హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయింది. నా స్కూటీ పక్కన పశువుల లారీ. పలకల సందులోంచి ఒక ముసలి ఎద్దు తల కనపడింది. కొమ్ములకు రంగు ఇంకా ఉంది, మెడలో గంట కట్టిన తాడు ఉంది, గంట లేదు. ఎవరి చేలోనో అన్నేళ్లు దున్ని వచ్చిందే. నేను చెయ్యి చాపాను. అది నా చేతి మీది చెమట నాకింది, మెల్లగా, ఇంటి దగ్గర ఎవరి చేతినో నాకినట్టు. లారీ కదిలింది. నేను ఆ చేత్తోనే హ్యాండిల్ పట్టుకుని షోరూంకి వెళ్లి కొత్త తోలు బూట్ల డబ్బా తెరిచాను. ఆ వాసన నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం, తాతయ్య ఒడి వాసన. ఆ రోజు మాత్రం డబ్బా మూసేసి వెనక్కి వచ్చేశాను.

అంతే. నేను ఎవరికీ నీతులు చెప్పడం లేదు. తోలువి అడిగినవాళ్లకు రోజూ తొడుగుతూనే ఉన్నాను, అది నా జీతం. నా కాళ్లకే వేసుకోలేను. నీ కాళ్లకు కూడా నా చేత్తో పంపలేకపోయాను. తాతయ్య చచ్చిన గొడ్డుకే చెయ్యి వేసేవాడనీ, వేసేముందు దాని నుదుటి మీద అరచెయ్యి పెట్టి కాసేపు మాట్లాడకుండా ఉండేవాడనీ నువ్వే చెప్పావు. ఆ లారీ దగ్గర నేను పెట్టింది కూడా అలాంటి చెయ్యే అనుకున్నాను. నాకు ఆయన పని బరువు కాలేదత్తా. ఉద్యోగం ఇచ్చేటప్పుడు మా మేనేజరు నీకేం తెలుసని అడిగితే, మా తాత ప్రేమదాసు ప్రత్తిపాడు పక్కన చెప్పులు కుట్టేవాడు, కాళ్లు పట్టుకుని చూడటం మా ఇంట్లో విద్య అని చెప్పాను. ఇప్పటికీ అందరికీ అదే చెప్తాను.

నాకు కూడా కోపం వచ్చింది, అదీ రాస్తాను. నువ్వు పౌరుషంతో విప్పావు. కానీ గట్టు మీదినుంచి చూసేవాళ్లకు ఏం కనపడి ఉంటుంది? ప్రేమదాసు కూతురు కూడా చెప్పులు విప్పి దిగుతోందనే కదా. నీ కోపం వాళ్లకు వినపడలేదు. నీ కాళ్లకు ఏమీ తెలియడం లేదన్న సంగతి ఆ కల్లానికి తెలియదు. ఈ ఉత్తరం అందగానే వేసుకో. నా మీద కోపం ఉంటే ఉండనీ, వేసుకుని తిట్టు.

నీ క్రిస్టీనా


గుంటూరు, ఆసుపత్రి,
15 ఫిబ్రవరి 2025

క్రిస్టీనా తల్లీ,

నీ ఉత్తరం ఊళ్లో మా తలుపు సందులో పడి ఉంటే మీ మామయ్య ఇక్కడికి తెచ్చి ఇచ్చాడు. అప్పటికే నేను మంచం మీద ఉన్నాను. గాభరా పడకు, కూర్చుని చదువు.

కల్లంలో సంచులు కుట్టే దబ్బనం ఎప్పుడో విరిగి, ముక్క కాయల్లో ఉండిపోయింది. అది నా ఎడమ కాలి వేలి కింద దిగింది. ఎప్పుడు దిగిందో తెలియదు. ఎర్రటి కాయల మీద రక్తం కనపడలేదు. మామూలుగా కాలు ఎక్కడ చీరుకున్నా ఆ కారానికి ప్రాణం పోతుంది, నలుగురికీ వినపడేలా అరుస్తాం. నాకు మండనే లేదు. ఇంటికొచ్చాక గచ్చు మీద నా అడుగులు చూసి, నేలంతా ఏం తొక్కొచ్చావని మీ మామయ్య విసుక్కున్నాడు. వంగి చూసి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి ఆ ముక్క పీకాడు.

పుండు ముదిరింది. బొటనవేలి పక్క వేలు నల్లబడింది. రేపు దాన్ని తీసేస్తారు. అక్కడితో ఆగితే కాలు ఉంటుందన్నారు. ఆగకపోతే ఏమిటని అడగలేదు.

జ్వరంలో రోజంతా సగం నిద్రే. గోడలు మంచులా పలచబడతాయి, అవతల కల్లాలు కనపడతాయి, ఎరుపు మీద నీ ఎద్దు నడుస్తూ వస్తుంది. దాని కొమ్ముల రంగు కూడా చూశాను, ఒకటి పచ్చ, ఒకటి నీలం. నిజంగా అవే రంగులా? దాని పక్కన మంచం అంచున కూర్చుని నీ ఉత్తరం చదువుకుంటాను, మళ్లీ నిద్రపోతాను. నేను నవ్వలేదమ్మా. మామయ్యకు చదివి వినిపించాను, అతనూ నవ్వలేదు.

చూసేవాళ్లకు ఏం కనపడి ఉంటుందని రాశావే, ఆ ముక్క దగ్గర మాత్రం నిద్ర ఎగిరిపోతోంది. నా కడుపులో మంట నాకు తప్ప ఎవరికీ తెలియలేదు. దాని దండన మాత్రం నా కాలికి పడింది. నాకు భయంగా ఉంది. మీ మామయ్యకు చెప్పలేదు, నీకు చెప్తున్నాను.

ఎలీసమ్మత్త


తాడేపల్లి,
20 ఫిబ్రవరి 2025

అత్తా,

నేను వచ్చేసరికి మత్తులో ఉన్నావు. కట్టు కట్టిన నీ కాలు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు కళ్లు తెరవకుండానే, ఆరో నంబరు కాదు ఏడు అన్నావు. సెలవు దొరకక ఆ పూటే తిరిగి రావాల్సి వచ్చింది. వేలితో ఆగిందని డాక్టరు చెప్పాక నాన్నకు ఫోను చేసి చెప్పాను.

ఒక మాట చెప్పాలని రాస్తున్నాను. గాయం మానాక నీకు తోలు జతే కావాలంటే తోలు జతే తెస్తాను. నా చేత్తో తెచ్చి నేనే తొడుగుతాను. ఎద్దు సంగతి నేను చూసుకుంటాను, నాకు నీ కాలు ముఖ్యం. ఏది వేసుకుని నువ్వు విప్పకుండా ఉంటావో అదే చెప్పు. నీ జవాబు వచ్చేదాకా ఏదీ కొనను.

క్రిస్టీనా


ప్రత్తిపాడు దగ్గర,
4 మే 2025

మా క్రిస్టీనాకు,

గాయం పూర్తిగా మానింది. డాక్టరు నడవమన్నాడు. ఊళ్లో ఇప్పుడు మధ్యాహ్నం పూట అంతా నిద్రే. ఎండకు రోడ్డు మీద నీళ్లున్నట్టు కనపడతాయి, ఆ లేని నీళ్లలోంచి సైకిలు మీద మనుషులు తేలుతూ వస్తారు. నేను అరుగు మీద కూర్చుని, వచ్చేది ఎవరో వాళ్లు ఒడ్డుకు చేరాక గానీ పోల్చుకోలేను.

నీ మాటకు జవాబు ఇన్నాళ్లూ రాయలేదు, ఎందుకంటే ముందు ఒక పని చేసి రాయాలనుకున్నాను. ఆఖరి కోత కాయ ఇంకా సుబ్బరావమ్మ గారి కల్లంలో ఉంది. శుక్రవారం వెళ్లాను. నీ గుడ్డ చెప్పులు వేసుకునే వెళ్లాను. గట్టు దగ్గర ఆడవాళ్లంతా నా కాలి వంకే చూస్తున్నారు. ఆవిడ కూడా చూసింది, పాపం అంది, గుడ్డ చెప్పులేగా దిగవే అంది. మళ్లీ అదే మాట.

అప్పుడు చెప్పాను. "గుడ్డవని దిగడం లేదమ్మా. ఇవి నా కాళ్లని దిగుతున్నాను. రేపు తోలువి వేసుకొచ్చినా ఇలాగే దిగుతాను. మా నాన్న కుట్టినవి మీ ఇంట్లో తిరిగాయి."

నా గొంతు నాకు సరిగ్గా వినపడదు కదా, కాస్త పెద్దగానే అన్నట్టున్నాను. సుబ్బరావమ్మ మొహం ఎర్రబడింది. వద్దు పొమ్మంటుందనుకుని, పోవడానికి కూడా సిద్ధపడ్డాను. ఆవిడ వంగి, కాయలు పోసిన పరదా అంచు తనే మడిచి నాకు దారి వదిలింది. ఆ దారిన నడిచి వెళ్లి నా చోట కూర్చున్నాను. మర్నాడు, నా పక్కన కూర్చుని తాలుకాయలు ఏరే మదార్‌బీ కూడా చెప్పులతోనే దిగింది. మిగతావాళ్లు ఇంకా గట్టు మీదే విప్పుతున్నారు. వాళ్ల ఇష్టం.

తోలు జత వద్దు. నీ కోసం వద్దనడం లేదు. నీ ఎద్దు చెయ్యి నాకిన సంగతి చదివాక తోలులో పెట్టడానికి నాకూ కాళ్లు రావడం లేదు. మా నాన్న పని చెప్పుకోవడానికి తోలు తొడుక్కోనక్కర్లేదని ఆ కల్లంలో తెలిసింది, నోరు ఉంటే చాలు. గుడ్డవే పంపు, ఇదే రకం. కాకపోతే ఎడమది పాతది ఇక పనికిరాదు. వేలు పోయిన చోట కాలు పక్కకు ఒరిగి జారుతోంది, పుండు మళ్లీ పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అందుకని మీ మామయ్య చేత ఈ కాగితం వెనక నా ఎడమకాలు గీయించాను. ఒకచోట గీత వంకర పోయింది, అది నా కాలు కాదు, అతని ఏడుపు. తిప్పి చూడు. నాలుగే వేళ్లున్నాయని బెంగపెట్టుకోకు. ఉన్నవి కొలిచి పంపు.

మీ ఎలీసమ్మత్త